ఆమె పెట్టని సంతకం

"ఇదెవరు పెట్టారు?"

ఓలీటా మూడోసారి అడిగింది. గొంతు పెంచలేదు. ముప్పైతొమ్మిదేళ్ల కాపురంలో ఆమె గొంతు పెంచిన రోజులు చాలా తక్కువ. అందుకే ఆర్విల్‌కి భయం వేసింది.

బల్ల మీద చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె చల్లారిపోతున్నాయి. వాటి మధ్య పొద్దున టపాలో వచ్చిన పొడుగాటి కవరు పడి ఉంది. అందులోంచి బయటపడిన పేదలకి ప్రభుత్వమిచ్చే ఉచిత వైద్య కార్డు మీద 'ఓలీటా సైజ్‌మోర్' అని అచ్చులో ఉంది. దానితోపాటు దరఖాస్తు నకలు, అడుగున ఆమె పేరుతో ఒక సంతకం. ప్రతి అక్షరం గుండ్రంగా, బెదురు బెదురుగా, బడిలో కొత్తగా రాయడం నేర్చుకున్నవాళ్లు రాసినట్టు ఉంది.

"నిన్నే, ఆర్విల్."

"ముందు తిను. తర్వాత మాట్లాడుకుందాం."

"నువ్వేనా?"

ఆర్విల్ చెంచా పక్కన పెట్టాడు. ఇరవై ఆరేళ్లు బొగ్గుగనిలో పనిచేసిన మనిషి. గని మూతపడి రెండేళ్లయింది. గనితోపాటే ఇంటిల్లిపాదికీ ఉన్న వైద్య బీమా పోయింది. ఇప్పుడు రంపపు మిల్లులో దుంగలు మోస్తున్నాడు.

"నేనే," అన్నాడు.

ఓలీటా కుర్చీలో వెనక్కి వాలింది. ఊపిరి అందక కాసేపు నోరు తెరిచి కూర్చుంది. ఈస్టర్ నాడు చర్చి మెట్ల మీద కూలిపోయినప్పటి నుంచి ఇదే వరస. గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయిందని, కోసి మార్చకపోతే ఏడాది కష్టమని ఊళ్లో డాక్టరు చెప్పాడు. ఆమె విని, కోటు తొడుక్కుని, "నాకు అరవై ఒకటి. అరవై ఐదు దాకా ఓపిక పడతాను. అప్పుడు నా హక్కుగా వచ్చే వైద్యం చేయించుకుంటాను," అని బయటికి వచ్చేసింది.

నాలుగేళ్లు ఆగమని ఆ కవాటంతో ఎవరు చెప్తారు?

"ఎక్కడ పెట్టావు సంతకం?"

"బడిలో ఆటల హాల్లో. రాష్ట్రం వాళ్లు బల్లలు వేసుకుని కూర్చున్నారు కదా, అక్కడ."

"ఒక్కడివే వెళ్లావా?"

ఆర్విల్ జవాబు చెప్పనక్కర లేకుండానే వాకిట్లో కారు ఆగింది. కూతురు ట్రీనా లోపలికి వచ్చింది. ఆమె బడి క్యాంటీన్లో వంట చేస్తుంది. శనివారం సెలవు. బల్ల మీది కవరు చూడగానే గుమ్మంలోనే ఆగిపోయింది.

"వచ్చేసిందా?" అంది మెల్లగా.

"వచ్చింది. ఇద్దరూ కలిసి చేశారన్నమాట. ఫారం నింపింది నువ్వు, దొంగ సంతకం మీ నాన్నది. బాగుంది."

"దొంగ సంతకం అనకమ్మా."

"మరేమనాలి? నువ్వే చెప్పు, చదువుకున్నదానివి."

"నీ ప్రాణం కోసం పెట్టాడు! ఆ ముక్క కూడా అను ఒకసారి!"

ఓలీటా కార్డును చేత్తో తాకకుండా, కత్తి కొసతో కూతురి వైపు నెట్టింది. ఆ నెట్టడంలో ఉన్న అసహ్యం ట్రీనాకి చెంప మీద కొట్టినట్టయింది.

"నా పర్సులోనూ ఇదే కార్డు ఉందమ్మా. జనవరి నుంచి నా చక్కెర మందులు దీని మీదే వస్తున్నాయి. దాన్ని కూడా కత్తితోనే ముట్టుకుంటావా?"

"నీ మందుల గురించి నేనెప్పుడైనా ఒక్క మాటన్నానా?"

"అనలేదు. అనేదేముంది? నువ్వు చూసే చూపు చాలదూ!"

"ఆర్విల్, ఈ పిల్లని కూర్చోమను. నాకు తల తిరుగుతోంది."

ట్రీనా కూర్చుంది. ఎవరూ తినలేదు. పొయ్యి మీద కాఫీ మరిగి మరిగి వాసన మారింది. ఆర్విల్ లేచి మంట ఆర్పి వచ్చాడు.

"ఒక్కటి చెప్పమ్మా," ట్రీనా గొంతు తగ్గించింది. "అరవై ఐదు నిండాక వచ్చే వైద్యం మాత్రం ఎవరిది? అదీ ప్రభుత్వానిదేగా? అది తీసుకుంటానంటావు, ఇది వద్దంటావు."

"అది నేను కట్టుకున్నది. చొక్కాల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు కుట్టుమిషను మీద వంగాను. ప్రతి జీతంలోనూ కోసుకున్నారు. అది నా చెమట. ఇది ఎవరి చెమటో నాకు తెలీదు. తెలియనివాళ్ల చెమట నా గుండెలో పెట్టుకుని నేను బతకలేను."

"అంత గర్వమేంటమ్మా?"

"గర్వమనే అనుకో. మా నాన్న నాకిచ్చి పోయిన ఆస్తి అదొక్కటే."

"నలుగురూ తీసుకుంటున్నారు కదా."

"మన పక్కింటి వర్జిల్‌ని అడుగు. కొత్త వైద్య చట్టం వచ్చినా ఉన్న బీమా ఉంచుకోవచ్చని చెప్పారు. ఆర్నెల్లు తిరక్కుండా రద్దయిందని ఉత్తరం వచ్చింది ఆయనకి. పదిహేనేళ్లుగా ఆయన్ని చూస్తున్న డాక్టరు దూరమయ్యాడు. వాషింగ్టన్లో కూర్చుని మాటిచ్చినవాళ్లు వర్జిల్ ఇల్లు ఎక్కడుందో చూశారా? మన వాగు పేరు తెలుసా వాళ్లకి?"

"వాగు పేరు తెలీకపోతేనేం? గుండె బాగుపడితే చాలదూ?"

"చాలదు."

"అయితే చచ్చిపోతావా? ఆ చట్టం వద్దని ఓటు వేసినట్టే, పంతానికి చచ్చిపోతావా?"

ఆ మాట అనేసి ట్రీనా నోరు మూసుకుంది. ఆర్విల్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కొండ మీద డాగ్‌వుడ్ పూలు రాలిపోయే రోజులు. అతనికేమీ కనబడటం లేదు.

ఓలీటా కార్డు మీంచి చూపు ఎత్తి కూతుర్ని చూసింది.

"మీ మామయ్య హెర్షెల్ ఎలా పోయాడో నీకు తెలుసా?"

"ఏదో జబ్బు చేసి చిన్నప్పుడే పోయాడన్నావు."

"జబ్బు చేసి కాదు. కాగితం మీద పోయాడు."

ఆర్విల్ చటుక్కున తిరిగి చూశాడు. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చెప్పింది ఆ సంగతి. అది కూడా సగమే.

"వాడికి పదమూడు, నాకు తొమ్మిది," అంది ఓలీటా. "వాడికి మూర్ఛలు వచ్చేవి. మాట సరిగా వచ్చేది కాదు. కానీ కోళ్లన్నీ వాడి వెంటే తిరిగేవి. ఒకనాడు ఆకుపచ్చ కారులో ఒకావిడ వచ్చింది, రాష్ట్రం తరఫున. చేతికి తెల్ల గ్లోవ్సు. మా అమ్మ పక్కన గచ్చు మీదే కూర్చుని, మా అమ్మ చెయ్యి పట్టుకుని మాట్లాడింది. పిల్లల కోసం పెద్దాసుపత్రి ఉందట, మూర్ఛలకి మందుందట, కుదిర్చి పంపిస్తారట. ఆవిడ చెడ్డమనిషి కాదు ట్రీనా. చెడ్డదయితే నాకింత భయం ఉండేది కాదు. ఆవిడ నిజంగానే మంచిది. తను చెప్పేది తను నమ్మింది."

"మరి?"

"మరేముంది, సంతకం పెట్టమంది. నాన్న గనిలో ఉన్నాడు. అమ్మకి చదువు రాదు. ఇంట్లో చదవగలిగింది నేనొక్కదాన్నే. 'చదువు ఓలీటా, ఏముందో చూడు' అంది అమ్మ."

ఆమె ఊపిరి కోసం ఆగింది. ఈసారి ఆర్విల్ మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టినా చూడలేదు.

"సగం మాటలు నాకు అర్థం కాలేదు. పెద్ద పెద్ద మాటలు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఆవిడ నా వైపు చూసి నవ్వుతోంది, ఎంత బాగా చదువుతున్నావో అంటోంది. నేను అమ్మతో, 'తగ్గించి పంపిస్తామని రాసుందమ్మా, పెట్టు' అన్నాను. అమ్మ గీత గీసింది. ఆ మర్నాడే తీసుకుపోయారు."

ఓలీటా ఆగలేదు. "మా నాన్న వారం తిరక్కుండా వెళ్లాడు, వాణ్ని వెనక్కి తెచ్చుకుందామని. ఆ కాగితం చూపించారు. బిడ్డ మీద హక్కు రాష్ట్రానికి రాసిచ్చేశారు, ఇక మీ చేతుల్లో లేదన్నారు. వాణ్ని అద్దంలోంచి చూసొచ్చాడు. రెండు చలికాలాలు గడిచాక హెర్షెల్ పోయాడని కబురొచ్చింది. అప్పటికే అక్కడే పూడ్చేశారు. గుర్తుకి ఒక నంబరు చెప్పారు."

ట్రీనా ఏడుస్తోంది. "అమ్మా, అది యాభై ఏళ్ల కిందటి మాట. ఇది అది కాదమ్మా."

"తెలుసు. నా తలకి తెలుసు. చేతికి తెలీదు. ఆ ఫారం చూస్తే నా చెయ్యి లేవదు. అందుకే ఇన్నాళ్లూ వద్దన్నాను. మిగతావన్నీ... వర్జిల్ సంగతీ, చెమట సంగతీ, అవి కూడా నిజమే. అబద్ధం చెప్పలేదు. కానీ అన్నిటికంటే అడుగున ఉన్నది ఇదీ." ఆమె భర్త వైపు తిరిగింది. "నువ్వు నా పేరు పెట్టేశావు. నన్ను అడక్కుండా. నా మంచి కోసమే. వాళ్లలాగే."

ఆర్విల్ లేచాడు. టోపీ తీసుకుని వాకిట్లోకి వెళ్లిపోయాడు.

*

ఆదివారం మధ్యాహ్నం హోబర్ట్ పాస్టరు వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఓలీటా ఆ చర్చిలో పాతికేళ్లు పిల్లలకి బైబిలు పాఠాలు చెప్పింది. మెట్లెక్కలేక మూడు వారాలుగా ఇంట్లోనే ఉంటోంది.

"చెల్లెమ్మా, మనవాళ్లంతా కూడబలుక్కున్నారు. వచ్చే శనివారం నీ కోసం విందూ పాటల సభా పెట్టి, నీ వైద్యానికి చందాలు పోగుచేస్తున్నాం. మనలో ఒకరికి కష్టమొస్తే మనం లేమూ?"

ఓలీటా ముఖం విప్పారింది. ఎన్నాళ్ల తర్వాతో ఆర్విల్ ఆ వెలుగు చూశాడు.

"చూశావా ఆర్విల్? వీళ్లకి నా పేరు తెలుసు. నేను టమాటా పచ్చడి పెట్టనని కూడా తెలుసు," అని నవ్వింది. "క్యాబేజీ పచ్చడే తెమ్మంటారు."

పాస్టరు వెళ్లేటప్పుడు ఆర్విల్ ట్రక్కు దాకా వెంట నడిచాడు. తలుపు తీయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అన్నా, ఆ విందుతో గుండె ఆపరేషన్ అవుతుందా?"

పాస్టరు తల దించుకున్నాడు. "అవదు."

"ఆ సంగతి నీకు తెలుసు."

"తెలుసు."

"మరి లోపలికెళ్లి చెప్పు. కార్డు ఉంచుకోమని చెప్పు. నా మాట వినదు, పిల్ల మాట వినదు. నువ్వు చెప్తే వింటుంది."

"ఎలా చెప్పను ఆర్విల్? ప్రభుత్వం చెయ్యి అందుకోవడం మొదలెడితే పక్కింటివాడు తన చెయ్యి చాపడం మర్చిపోతాడని నేనే చెప్పాను. వేదిక మీద నిలబడి చెప్పాను. ఓట్ల కోసం కాదు, నమ్మి చెప్పాను. ఇప్పటికీ నమ్ముతున్నాను."

"నేనూ నమ్మాను. అందరికంటే గట్టిగా 'ఆమెన్' అన్నది నేనే. మా వాకిట్లో బోర్డు కూడా పెట్టాను ఆ వైద్య చట్టం వద్దని." ఆర్విల్ ఇంటి వైపు చూశాడు. "కానీ పక్కింటివాళ్ల చేతులన్నీ కలిపినా ఆ గుండె దాకా అందటం లేదన్నా. నేనేం చెయ్యను?"

పాస్టరు ట్రక్కు తలుపు మీంచి చెయ్యి తీసేశాడు. తర్వాత మళ్లీ ఇంట్లోకి నడిచాడు.

"చెల్లెమ్మా, ఒక్కమాట. ఆ కార్డు నువ్వు ఉంచుకున్నా దేవుడు తప్పు పట్టడు."

ఓలీటా ఆయన్ని తేరిపార చూసింది.

"ఈ మాట వచ్చే ఆదివారం వేదిక మీద నుంచి చెప్తావా అన్నా?"

పాస్టరు కిటికీ వైపు తిరిగాడు.

"పోనీ ఇంకొకటి. వేరేవాళ్ల పేరు మీద సంతకం పెట్టడం తప్పా, కాదా?"

పాస్టరు ఆర్విల్ వైపు చూడకుండా, "తప్పేనమ్మా," అన్నాడు.

"అయితే రేపు వెళ్లి నా పేరు తీయించుకుంటాను. ఆర్విల్, నువ్వే తీసుకెళ్లాలి. ఆ మెట్లు నేనొక్కదాన్నే ఎక్కలేను."

*

సోమవారం పొద్దున తొమ్మిదింటికి కోర్టు ఆవరణలో ఉన్న ఆఫీసుకి వెళ్లారు. మెట్లు పదకొండు. ఓలీటా నాలుగు చోట్ల ఆగింది. ఆర్విల్ ప్రతిసారీ "వెనక్కి వెళ్దామా?" అన్నాడు. ప్రతిసారీ ఆమె తల అడ్డంగా ఊపి ఇంకో మెట్టెక్కింది.

బల్ల వెనక మిస్టీ కూర్చుని ఉంది. చిన్నప్పుడు ఓలీటా దగ్గర బైబిలు పాఠాలు చదువుకున్న పిల్ల. చూడగానే లేచి కుర్చీ తెచ్చి వేసింది.

"టీచరమ్మా, ఎలా ఉన్నారు? కార్డు వచ్చిందా?"

"వచ్చింది. వెనక్కి తీసుకో."

"అయ్యో, ఎందుకండీ?"

"నేను అడగలేదు కాబట్టి."

మిస్టీ కంప్యూటర్లో దరఖాస్తు తెరిచింది. తెర మీద సంతకం చూసింది. ఆమె చిన్నప్పుడు ఓలీటా రాసిచ్చిన బైబిలు వచనాలు ఎన్ని దాచుకుందో! ఆ రాత ఆమెకి కొట్టినపిండి, తెర మీద ఉన్నది అది కాదు. చూపు మెల్లగా ఆర్విల్ మీదికి వెళ్లింది. ఆర్విల్ మెడ దాకా ఎర్రబడ్డాడు.

"నేను..." అన్నాడు.

"మీరేమీ చెప్పకండి బాబాయ్," మిస్టీ గబగబా అంది. "చెప్తే నేను పైవాళ్లకి రాయాలి. రాస్తే పోలీసుల దాకా పోతుంది. నేనేం అడగలేదు, మీరేం చెప్పలేదు."

మిస్టీ తెర మీంచి చూపు తిప్పుకుంది.

ఓలీటాకి అప్పుడు అర్థమయింది. నిజం చెప్పాలనే వచ్చింది. సంతకం నాది కాదు అంటే చాలు, ఆ కాగితంతో తనకే సంబంధమూ ఉండదు. కానీ ఆ మాట అంటే ఎదురుగా నిలబడ్డ మనిషి దోషి అవుతాడు. ఆమె ఆర్విల్ బూట్ల వైపు చూసింది. వాటి మీద రంపపు పొట్టు ఇంకా ఉంది. తెల్లవారుజామున మిల్లుకి వెళ్లి, రెండు గంటల సెలవు అడుక్కుని వచ్చాడు.

"తీసేయడానికి ఏం చెయ్యాలి?" అని మాత్రం అంది.

"ఇంకో ఫారం ఉందండీ. దాని మీద మీరే సంతకం పెట్టాలి."

మిస్టీ కాగితం, కలం ముందు పెట్టింది. ఓలీటా మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివింది. అర్థం కానివి మూడుచోట్ల అడిగింది. మిస్టీ ఓపిగ్గా చెప్పింది.

"టీచరమ్మా, ఇంకొక్కసారి ఆలోచించండి. మా అమ్మకి ఇలాగే..."

"మీ అమ్మ మంచిదే. నువ్వూ మంచిదానివే. కలం సరిగ్గా రాస్తుందా?"

పెట్టింది. వాలు అక్షరాల పేరు, విసురుగా, ఎప్పటిలాగే.

ఆర్విల్ గోడకి ఆనుకుని నిలబడి చూశాడు. గనిలో ఒకసారి పైకప్పు కూలినప్పుడు అవతల ఇద్దరు అరుస్తుంటే ఇవతల నుంచి విన్నాడు. చేతులున్నా ఏమీ చెయ్యలేకపోవడం అంటే ఏమిటో అతనికి ఆనాడే తెలిసింది.

"ఇది వెంటనే అమల్లోకి రాదండీ," అంది మిస్టీ కాగితం మీద ముద్ర వేస్తూ. ఓలీటాకి చెప్తున్నట్టే ఉంది గానీ కళ్లు ఆర్విల్ మీద ఉన్నాయి. "నెలాఖరు దాకా కార్డు చెల్లుతుంది. ఇవాళ పన్నెండో తారీఖు."

ట్రక్కులో కూర్చున్నాక ఓలీటా సీటుకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ముఖం తేటగా ఉంది. పెళ్లినాటి ఫొటోలో ఉన్నంత తేటగా.

"ఆకలేస్తోంది ఆర్విల్. చేపల వేపుడు తిని వెళ్దామా? ఎన్నాళ్లయిందో."

"వెళ్దాం."

తాళం తిప్పుతుంటే ఫోను మోగింది. ట్రీనా.

"నాన్నా, లెక్సింగ్టన్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు! గుండె డాక్టరు దగ్గర గురువారం ఎవరో రాలేమన్నారట. ఆ టైము అమ్మకిస్తామంటున్నారు. నేనప్పుడే కార్డు నంబరు ఇచ్చాను. నాన్నా? అమ్మ అక్కడికి వెళ్లి ఏం చేసింది? కార్డు తీయించేసిందా? చెప్పు నాన్నా, వాళ్లకి నేను పది నిమిషాల్లో చెప్పాలి."

నెలాఖరు దాకా చెల్లుతుంది అన్న మాట ఆర్విల్ నాలుక చివర ఉంది. అది అంటే మళ్లీ ఆమెకి తెలియకుండా ఆమె గురించి తను నిర్ణయించినట్టే. అనకపోతే ఆ గురువారం పోతుంది.

"ఏమంటోంది పిల్ల?" కళ్లు తెరవకుండానే అడిగింది ఓలీటా.

అతను ఫోను ఆమె చేతిలో పెట్టేశాడు. ఇంకేం చెయ్యాలో అతనికి తెలియలేదు.

ఓలీటా విన్నది. ట్రీనా గొంతు సన్నగా, ఆగకుండా వినబడుతూనే ఉంది. మధ్యలో ఏడుపు. ఓలీటా ముఖంలోని తేటదనం కొంచెం కొంచెంగా పోయింది. ఆమె రెండో చెయ్యి రొమ్ము మీదికి వెళ్లి అక్కడే ఆగింది.

"నెలాఖరు దాకా చెల్లుతుందని మిస్టీ చెప్పింది," అంది చివరికి. దాచిపెట్టడం ఆమెకి చేతకాదు.

అవతల ట్రీనా ఊపిరి బిగబట్టినట్టుంది.

"గురువారం ఎన్నింటికి?" అని అడిగింది ఓలీటా.

వెళ్లడానికి అడిగిందో, రానని చెప్పడానికి అడిగిందో ఆర్విల్‌కి అంతుబట్టలేదు. ఆమె వైపు తిరిగి చూసే ధైర్యం లేక, చక్రం పట్టుకుని ఎదురుగా ఉన్న రోడ్డునే చూస్తూ కూర్చున్నాడు.